కొత్త టీచరు, గోల చేసే క్లాసు: మూడు నెలలకే "పనికిరానేమో" అనిపిస్తే

మీ ప్రశ్నలో చాలా ఉంది కాబట్టి ముందు క్లుప్తంగా చెబుతాను. చేరి మూడు నెలలైంది. పన్నెండేళ్ల పిల్లలకు లెక్కలు చెబుతున్నారు. క్లాసులో గోల ఆగడం లేదు. అర్ధరాత్రి దాకా కూర్చుని తయారైనా పీరియడ్‌లో సగం పాఠం కూడా అవడం లేదు. ఒక పిల్లాడు "మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎందుకవుతుంది మేడం?" అంటే ఏం చెప్పాలో తోచలేదు. పక్క క్లాసులో సీనియర్ సారు అడుగుపెడితే చాలు, చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. తల్లిదండ్రుల మీటింగ్ అంటే గుండె దడ. చివరగా, "నేను ఈ ఉద్యోగానికి పనికిరానేమో, మానేయనా?" గొంతు బొంగురుపోతోందని కూడా రాశారు, దాని సంగతి ఆఖర్న చెబుతాను.

నేను చాలా ఏళ్లు పాఠాలు చెప్పి, ఇప్పుడు కొత్తగా చేరినవాళ్ల క్లాసుల్లో వెనక బెంచీలో కూర్చుని గమనించే పని చేస్తున్నాను. మీరు రాసినది చదివాక నాకు ఆశ్చర్యమేమీ అనిపించలేదు. సైమన్ వీన్‌మన్ అనే పరిశోధకుడు కొత్త టీచర్ల ఇబ్బందుల మీద వేర్వేరు దేశాల్లో జరిగిన 83 అధ్యయనాలను ఒకచోట చేర్చి 1984లో ప్రచురించాడు. అందులో అన్నిటికన్నా పైన నిలిచింది క్లాసును అదుపులో ఉంచుకోవడం. తర్వాత పిల్లల్లో ఆసక్తి పుట్టించడం, ఒక్కో పిల్లాడూ ఒక్కో స్థాయిలో ఉండటం, పేపర్లు దిద్దడం, తల్లిదండ్రులతో మాట్లాడటం. మీ జాబితా పక్కన పెట్టి చూసుకోండి. దాదాపు అదే వరస. నాలుగు దశాబ్దాలు గడిచినా, బ్లాక్‌బోర్డులు పోయి స్క్రీన్లు వచ్చినా వరస పెద్దగా మారలేదని నా అనుభవం కూడా చెబుతోంది. కాబట్టి ఇదంతా మీ ఒక్కరి లోపం అనుకోవడం మానేయండి, అక్కడి నుంచి మాట్లాడుకుందాం.

అంతకంటే ముందు, 1969లో ఫ్రాన్సెస్ ఫుల్లర్ అనే ఆవిడ ఒక మంచి సంగతి గమనించింది. కొత్త టీచరు ఆందోళనలు మొదట తన చుట్టూ తిరుగుతాయి: పిల్లలు నన్ను లెక్కచేస్తారా, నాకు సబ్జెక్టు వచ్చా, పెద్దసారు ఏమనుకుంటాడు. ఆ తర్వాత పని చుట్టూ తిరుగుతాయి: సిలబస్ అవుతుందా, ఇంతమందిని ఎలా చూసుకోవాలి. చాలా ఆలస్యంగా పిల్లల దగ్గరికి చేరతాయి: వీళ్లకు నిజంగా అర్థమైందా? ఈ మూడూ మెట్లలాగా ఒకదాని తర్వాత ఒకటి వస్తాయంటే నేను పూర్తిగా ఒప్పుకోను. ఒకే రోజు మూడు పీరియడ్లలో మూడూ రావచ్చు. కానీ మీ ఉత్తరంలో "నేను", "నాకు", "నన్ను" ఎన్నిసార్లు వచ్చాయో ఒకసారి చూడండి. తప్పుపట్టడానికి అనడం లేదు. మీ చూపు మీ మీద ఉన్నంతసేపూ క్లాసులో జరిగేది మీకు కనబడదు. నేనిచ్చే సలహా మొత్తం ఆ చూపును మళ్లించడం గురించే.

గోల దగ్గర మొదలుపెడదాం, ఎక్కువసేపు ఉండాల్సిందీ అక్కడే.

జేకబ్ కూనిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒకసారి తన క్లాసులో పేపరు చదువుకుంటున్న విద్యార్థిని మందలించాడు. ఆ ఒక్కడికే కాదు, ఏ తప్పూ చేయని మిగతావాళ్లందరికీ ముఖాలు మారిపోయాయి. అది చూసి కుతూహలంతో, క్లాసు చక్కగా సాగే టీచర్లు అల్లరిని ఎలా ఆపుతారో కనుక్కుందామని ఏళ్ల తరబడి పరిశోధించాడు, క్లాసులు వీడియో తీసి మరీ చూశాడు. 1970లో వచ్చిన ఫలితం ఆయన అనుకున్నదానికి పూర్తిగా వేరు. అల్లరి మొదలయ్యాక మందలించే తీరులో మంచి క్లాసుకీ చెడ్డ క్లాసుకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. గట్టిగా అన్నా, మెల్లగా అన్నా, కోపంగా అన్నా పెద్దగా ఒరిగేదేమీ లేదు. తేడా అంతా అల్లరి మొదలుకాకముందు టీచరు చేసే పనుల్లో ఉంది. గది మూలల్లో ఏం జరుగుతోందో తనకు తెలుసని పిల్లలకు తెలిసేలా ఉండటం. ఒకరితో మాట్లాడుతూనే ఇంకో పక్క జరిగేదాన్ని కనిపెట్టడం. ఒక పని నుంచి ఇంకో పనికి తడబడకుండా వెళ్లడం.

ఈ మూడోదాన్ని కొత్తవాళ్లు అస్సలు పట్టించుకోరు. నేను వెనక బెంచీలో కూర్చుని చూసే గోలలో ఎక్కువ భాగం పాఠం నడుస్తుండగా పుట్టదు. ఖాళీల్లో పుడుతుంది. ఒక మామూలు పీరియడ్ ఎలా ఉంటుందో చెబుతాను, మీది కూడా ఇలాగే ఉందేమో చూడండి. టీచరు లోపలికొస్తుంది, హాజరు తీసుకుంటుంది. ఆ నాలుగైదు నిమిషాలు పిల్లలకు చేయడానికి ఏమీ లేదు. మాటలు మొదలు. తర్వాత దిద్దిన నోట్సులు ఒక్కొక్కటే పేరు పిలిచి ఇస్తుంది. ఇంకో నాలుగైదు నిమిషాలు. ఈపాటికి మాటలు గోలగా మారాయి. "సైలెన్స్" అంటుంది, ఆ గోల మీదే "పుస్తకాలు తీయండి, యాభై మూడో పేజీ, నాలుగో లెక్క" అంటుంది. సగంమందికి వినపడలేదు. "ఏ పేజీ మేడం?" అని పదిమంది. అప్పుడు అటు తిరిగి బోర్డు నిండా పొడవాటి లెక్క రాస్తుంది. వీపు కనబడుతున్నంతసేపూ వెనక బెంచీల్లో వాళ్ల లోకం వాళ్లది. తిరిగి చూసేసరికి పీరియడ్‌లో మూడో వంతు పోయింది, గొంతు పోయింది, ఓపిక పోయింది. ఆవిడ దీన్ని "పిల్లలు నన్ను లెక్కచేయరు" అని చెప్పుకుంటుంది. నేను నోట్ చేసుకున్నది మాత్రం వేరు: పిల్లలు చేతిలో పనిలేకుండా కూర్చున్నారు.

కాబట్టి రేపటి నుంచి ఒక్కటే మార్చండి. పిల్లలు కూర్చునేసరికి బోర్డు మీద రెండు చిన్న లెక్కలు ఉండాలి. నిన్నటి పాఠంలోవి, ఎవరినీ అడక్కుండా చేసుకోగలిగినవి. రోజూ అదే మూల, అదే పద్ధతి. వాళ్లు చేస్తుండగా మీరు హాజరు పూర్తి చేయండి, నోట్సులు బెంచీకి ఒకరి చేత పంచించండి. వారం పది రోజులు రోజూ గుర్తుచేయాల్సి వస్తుంది, "ఇదేంటి మేడం కొత్తగా" అంటారు, కొందరు కావాలనే చేయరు. మీరు మానకపోతే అదే అలవాటవుతుంది. ఇది కుదురుకున్నాక రెండోది: గోల మీద మాట్లాడకండి. చెప్పాల్సింది ఉంటే ఆగండి, అందరి చూపూ మీవైపు వచ్చేదాకా నిలబడండి, అప్పుడు ఒక్క మాట చెప్పండి. "నోట్సులు తీయండి." తీశాక రెండో మాట. నాలుగు మాటలు ఒకేసారి చెబితే పెద్దవాళ్లకే గుర్తుండవు. బోర్డు మీద రాసేటప్పుడు పక్కకు తిరిగి నిలబడి, కొంచెం కొంచెంగా రాయండి. పొడవాటి లెక్కయితే ముందే చార్టు మీద రాసి తెచ్చుకోండి.

అప్పటికీ ఒకడు ఆగడు. వాడిని క్లాసు మధ్యలో నిలబెట్టి అడిగితే వాడికి ముప్పై మంది ప్రేక్షకులు దొరికినట్టే. పాఠం ఆపకుండా నడుచుకుంటూ వాడి బెంచీ దగ్గరికి వెళ్లండి, వాడి పుస్తకం మీద వేలు పెట్టి "ఇది పూర్తి చెయ్యి" అని వాడికి మాత్రమే వినపడేలా చెప్పి ముందుకు కదలండి. జవాబు కోసం నిలబడకండి. మిగతా మాట పీరియడ్ అయ్యాక ఒంటరిగా. "మొదట్లో నవ్వొద్దు, నెత్తినెక్కుతారు" అని మీ సీనియర్లు చెప్పే ఉంటారు. నాకు ఆ సలహా నచ్చదు. పిల్లలు నవ్వు చూసి నెత్తినెక్కరు. ఈరోజు ఊరుకున్న తప్పుకే రేపు విరుచుకుపడితే ఎక్కుతారు.

ఇక పక్క క్లాసు సారు. ఆయన గదిలో నిశ్శబ్దం వెనక ఎన్నో ఏళ్ల పేరు ఉంది. ఆ పిల్లల అన్నలకూ అక్కలకూ ఆయనే చెప్పి ఉంటారు. ఆ నిశ్శబ్దం శ్రద్ధ వల్లా, భయం వల్లా అనేది మీకు తలుపు బయటి నుంచి తెలియదు. ఊహించుకునే బదులు వెళ్లి అడగండి, "సార్, మీ క్లాసులో మొదటి పది నిమిషాలు కూర్చోవచ్చా?" అని. పాఠం ఎలా చెబుతారో చూడొద్దు. గదిలోకి ఎలా వస్తారు, ఎక్కడ నిలబడతారు, ఒకడు పక్కచూపు చూస్తే ఏం చేస్తారు, అవి మాత్రం రాసుకోండి. డాన్ లోర్టీ అనే సామాజిక శాస్త్రవేత్త 1975లో ఒక మాట అన్నాడు: మిగతా వృత్తుల్లా కాకుండా, టీచరు కాబోయేవాళ్లు చిన్నప్పటి నుంచి వేల గంటలు టీచర్లను చూస్తూ పెరుగుతారు. చూసింది మాత్రం బెంచీ వైపు నుంచి. తెర ముందు ఆట చూశాం, తెర వెనక కసరత్తు చూడలేదు. అందుకే అది సులువనుకుని వస్తాం, కష్టంగా ఉంటే మనలోనే లోపం వెతుక్కుంటాం.

అర్ధరాత్రి దాకా తయారవడం గురించి. ఏం రాసుకుంటున్నారో చెప్పలేదు గానీ ఊహించగలను: చెప్పబోయే ప్రతి వాక్యం. అది తగ్గించండి. మూడు విషయాలు రాసుకుంటే చాలు. పీరియడ్ చివర్లో పిల్లాడు తనంతట తాను చేయగలగాల్సిన ఒక లెక్క, మొదట చూపించే ఉదాహరణ, పిల్లలు ఎక్కడ తప్పుతారు. మూడోదాని మీదే ఎక్కువసేపు కూర్చోండి.

ఉదాహరణకు భిన్నాల కూడిక. సగం, మూడో వంతు కూడమంటే పిల్లలు పైవి పైవి, కిందవి కిందవి కూడి 2/5 అని రాస్తారు. ఏ ఊళ్లోనైనా, ఏ బడిలోనైనా ఇదే తప్పు చేస్తారు. ఇది ముందే తెలిసిన టీచరు "తప్పు, కసాగు కనుక్కో" అనదు. "2/5 పెద్దదా, సగం పెద్దదా?" అని అడుగుతుంది. పిల్లలు కాసేపు గింజుకుని సగమే పెద్దదంటారు. "మరి సగానికి ఇంకొంచెం కలిపితే సగంకంటే తక్కువెలా వచ్చింది?" అంటుంది. అక్కడ ఒక్క క్షణం గది నిశ్శబ్దమవుతుంది. "సైలెన్స్" అని అరిచి తెచ్చుకున్న నిశ్శబ్దంలా ఉండదు అది. రాత్రి పూట మీరు వెతకాల్సింది ఇలాంటి ఒక్క ప్రశ్న. అది దొరికాక పడుకోండి.

ప్రశ్న వేశాక ఆగడం ఇంకో కళ. మేరీ బడ్ రో అనే ఆవిడ 1970లలో క్లాసుల రికార్డింగులు విని లెక్కగట్టింది. టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక్క సెకను మించి ఆగడం లేదు. మూడు సెకన్లు ఆగగలిగిన చోట పిల్లల జవాబులు పొడవయ్యాయి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు కూడా మాట్లాడారు, "తెలీదు" అనడం తగ్గింది. మూడు సెకన్లంటే వినడానికి ఏముంది అనిపిస్తుంది. కొత్తగా నిలబడినవాళ్లకు అది యుగం. మనసులో నెమ్మదిగా మూడంకెలు లెక్కపెట్టుకోండి.

ఇప్పుడు ఆ మైనస్ ప్రశ్న. ముందుగా, ఆ ప్రశ్న అడిగే పిల్లాడు మీ క్లాసులో ఉండటం మీ అదృష్టం. మీకు జవాబు తోచకపోవడం పెద్ద విషయం కాదు, ఎందుకంటే మనలో చాలామందికి చిన్నప్పుడు దాన్ని సూత్రంగానే చెప్పారు. పిల్లల చేత బోర్డు మీద ఇలా రాయించండి: 3 × (-2) = -6, 2 × (-2) = -4, 1 × (-2) = -2, 0 × (-2) = 0. ఎడమవైపు సంఖ్య ఒక్కొక్కటి తగ్గుతుంటే కుడివైపు ఏమవుతోందని అడగండి. రెండేసి పెరుగుతోందని వాళ్లే చెబుతారు. మరి తర్వాతి వరస, (-1) × (-2)? రెండు రావాల్సిందే, లేకపోతే వరస తప్పుతుంది. ఇది పూర్తి నిరూపణ కాదు, ఆ వయసుకు చాలు. విభాగ న్యాయం, అంటే a × (b + c) = a × b + a × c, నేర్చాక అసలు నిరూపణ చూపించవచ్చు.

ఇంకెప్పుడైనా నిజంగానే తెలియని ప్రశ్న వస్తే, దాన్ని బోర్డు పై మూలన అడిగినవాడి పేరుతో సహా రాయండి. "నాకు ఇప్పుడు తోచడం లేదు, రేపు చూద్దాం, మీరూ ఆలోచించి రండి" అనండి. రేపు తప్పకుండా దాని దగ్గరికి రండి. టీచరుకు తెలియనందుకు పిల్లలు చిన్నచూపు చూడరు. మాట దాటేసినా, కసురుకున్నా, రేపన్నది మర్చిపోయినా చూస్తారు.

నోట్సుల గుట్ట గురించి మీరు రాయలేదు గానీ నిద్ర తినేసేవాటిలో అదొకటి అయ్యుంటుంది. ప్రతి పేజీ దిద్దాలనుకోకండి. 1988లో రూత్ బట్లర్ చేసిన ప్రయోగంలో కొందరు పిల్లలకు మార్కులు మాత్రమే, కొందరికి వ్యాఖ్య మాత్రమే, కొందరికి రెండూ ఇచ్చారు. వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్లు మెరుగయ్యారు. రెండూ ఇచ్చినవాళ్లు, మార్కులు మాత్రమే ఇచ్చినవాళ్లలాగే మిగిలిపోయారు. అంకె కనబడ్డాక ఎవడూ కింద రాసింది చదవడు మరి. పరీక్ష పేపర్లకు మార్కులు తప్పవు. రోజువారీ పనికి మాత్రం, రోజుకు ఒక వరస బెంచీల పుస్తకాలు తీసుకుని, ఒక్కోదాంట్లో ఒక్క లెక్క చూసి, ఏం సరిచేయాలో ఒక్క వాక్యం రాయండి. మర్నాడు ఆ వాక్యం ప్రకారం దిద్దుకోవడానికి క్లాసులోనే ఐదు నిమిషాలివ్వండి. దిద్దుకోవడానికి సమయం ఇవ్వకపోతే మీరు రాసిన వాక్యం వృథా.

తల్లిదండ్రుల సంగతి త్వరగా ముగిస్తాను. ఫిర్యాదుతో మొదటి పరిచయం జరగనివ్వకండి. మీటింగ్ లోపు వీలైనంతమందికి ఏదో ఒక మంచి మాట, నిజమైనది, డైరీలోనో ఫోన్లోనో చేరాలి. మీటింగ్‌లో ఎదురుగా పిల్లాడి పుస్తకం తెరిచి పెట్టుకోండి. "శ్రద్ధ లేదండీ" అంటే వాదన మొదలవుతుంది. "ఈ పేజీలో చూడండి, గుణకారం వస్తోంది, భాగహారంలో ఇక్కడ ఆగిపోతున్నాడు" అంటే ఇద్దరూ ఒకే పుస్తకంలోకి చూస్తారు. కోపంగా వచ్చినవాళ్లను ముందు పూర్తిగా మాట్లాడనివ్వండి. మీరొక్కరే ఎదుర్కోలేరనిపిస్తే హెడ్మాస్టర్నో ఇంకో టీచర్నో పక్కన కూర్చోమనడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఇక మానేయాలా వద్దా. ఎలెన్ మోయర్ అనే ఆవిడ 1990లో మొదటి ఏడాది టీచర్ల మనసు ఎలా సాగుతుందో గీసి చూపింది. మొదట ఉత్సాహం, వెంటనే ఎలాగోలా గట్టెక్కడం, ఆ తర్వాత నిరాశ, సెలవుల తర్వాత కొంచెం ఊపిరి, చివర్లో వెనక్కి తిరిగి చూసుకోవడం. అందరికీ అదే క్రమం ఉండాలని లేదు. కానీ మూడు నెలల దగ్గర అడుగున ఉండటం మామూలే. అడుగున ఉన్నప్పుడు నిర్ణయం తీసుకోవద్దు. ఏడాది పూర్తయ్యాక ఆలోచించండి. అప్పుడు కూడా "నేను మంచి టీచర్నా" అని అడగకండి, దానికి జవాబుండదు. ఈ నెలలో పిల్లలు చేసిన ఒక పనినీ ఏడాది చివరి నెలలో చేసినదాన్నీ పక్కపక్కన పెట్టుకుని చూడండి. అందుకోసం ఇప్పటి నుంచే నలుగురైదుగురు పిల్లల కాగితాలు దాచి ఉంచండి: బాగా చేసేవాళ్లవి ఒకటి రెండు, మధ్యవాళ్లవి, వెనకబడ్డవాళ్లవి. ఆ కాగితాల్లో కదలిక కనిపించి, మీకూ దాన్ని చూస్తే ఆనందం కలిగితే, మిగతావన్నీ నేర్చుకునేవే. కదలిక ఉన్నా మీకు ఏమీ అనిపించకపోతే, అది వేరే సంగతి. వేరే పని వెతుక్కోవడం ఓటమేమీ కాదు.

ఒక్కోసారి లోపం బడిలోనే ఉంటుంది. కొత్తవాళ్లకు అందరూ వద్దన్న సెక్షన్లు, అందరికంటే ఎక్కువ పీరియడ్లు, ఎవరూ చేయని అదనపు పనులు అంటగట్టి, మూడు నెలల తర్వాత "క్లాసు కంట్రోల్ లేదు" అనే యాజమాన్యాలను చూశాను. రిచర్డ్ ఇంగర్‌సోల్, థామస్ స్మిత్ 2004లో అమెరికా కొత్త టీచర్ల మీద చేసిన అధ్యయనంలో, అదే సబ్జెక్టు చెప్పే సీనియర్ తోడుగా ఉండి, కలిసి పాఠాలు తయారు చేసుకునే సమయం దొరికిన చోట మొదటి ఏడాది తర్వాత మానేసేవాళ్లు తక్కువ. మీ బడిలో అలాంటి ఏర్పాటు లేకపోతే మీరే చేసుకోండి. లెక్కలు చెప్పే ఇంకొకరితో వారానికి ఒక పీరియడ్ కూర్చుని, వచ్చే వారం పాఠంలో పిల్లలు ఎక్కడ తప్పుతారో మాట్లాడుకోండి. స్టాఫ్ రూమ్‌లో పిల్లలను తిట్టుకునే కుర్చీల గుంపుకు మాత్రం కొంచెం దూరంగా కూర్చోండి, అది అంటుకుంటుంది. అడిగినా సాయం చేయకుండా, పిల్లల ముందే మిమ్మల్ని కించపరిచే చోటైతే, మానేయాల్సింది ఆ బడిని. వృత్తి సంగతి ఇంకో బడిలో ఒక ఏడాది చూశాక తేల్చుకోవచ్చు.

ఇక గొంతు. మిగతా ఉద్యోగాల వాళ్లకంటే టీచర్లకు గొంతు సమస్యలు ఎక్కువ, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. నీళ్ల సీసా బల్ల మీద ఉంచుకుని గుక్క గుక్కగా తాగుతూ ఉండండి. గొంతు సవరించుకునే అలవాటు ఉంటే మానండి, దానికి బదులు ఒక గుక్క మింగండి. గుసగుసగా మాట్లాడితే గొంతుకు విశ్రాంతి అనుకుంటారు, అలా చేస్తే ఒత్తిడి పెరగవచ్చు. మెల్లగా మామూలు గొంతుతోనే మాట్లాడండి. పిల్లలను పిలవడానికి అరిచే బదులు బల్ల మీద రెండుసార్లు తట్టడమో, చెయ్యెత్తి నిలబడటమో ఏదో ఒక గుర్తు పెట్టుకుని, అదెందుకో వాళ్లకు ముందే చెప్పండి. బొంగురు మూడు నాలుగు వారాలు దాటినా తగ్గకపోతే చిట్కాలతో కాలక్షేపం చేయకుండా చెవి ముక్కు గొంతు డాక్టరుకు చూపించుకోండి.